నాలుక చూపించు

నా పని లెక్కపెట్టడం.
మూడు నెలలకోసారి ముసలివాళ్లు తెచ్చిచ్చే డబ్బాల్ని
తెల్ల ట్రేలో బోర్లించి
మిగిలిన గుళికల్ని రెండేసి చొప్పున పక్కకి జరపడం.
ఎక్కువ మిగిలితే, మరిచారని.
తక్కువ మిగిలితే, ఇవాళ్టిది వేసుకున్నామా లేదా అని
మళ్లీ వేసుకున్నారని.
అదీ మరుపే.

గుళికలో ఏముందో నాకు తెలీదు.
డాక్టర్ లెహ్తోవారాకీ తెలీదు.
సగం డబ్బాల్లో విటమిన్-ఇ, నీలిపండ్ల సారం,
సగం డబ్బాల్లో మొక్కజొన్న పిండి.
ఏది ఎవరిదో చెప్పే కాగితం
హెల్సింకీలో ఒక బీరువాలో నిద్రపోతోంది.

కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే పాఠం చిన్నది:
కోసిపెట్టిన ఆపిల్ ముక్క చూశారుగా,
గాలి తగిలి గోధుమరంగుకి తిరుగుతుంది.
మెదడుకీ అంతేనట,
ఊపిరి పోసే గాలే లోపల తుప్పు పట్టిస్తుందట.
నిమ్మరసం పిండితే ముక్క తెల్లగా ఉంటుంది,
మేం వెతికేది ఆ నిమ్మచుక్క కోసం.
"దొరికిందా?" అంటారు.
"దొరికితే మిమ్మల్నెందుకు పిలుస్తాం" అంటాను.

ఇర్యా డబ్బా ఎప్పుడూ సరిగ్గా ఉండేది.
రోజుకి రెండు. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.
రెండేళ్లు.
అంత సరిగ్గా ఉన్న లెక్క మీద
నాకు అనుమానం రావాల్సింది.

కువోపియోలో నవంబరు. మూడింటికే చీకటి.
కిటికీ అవతల సరస్సు
గడ్డకట్టాలా వద్దా అని తటపటాయిస్తోంది.
కోటు గుండీలు పెట్టుకుంటూ ఇర్యా నోరు జారింది:
"పొద్దుటిది నాకు. రాత్రిది తాయిస్తోకి."

తాయిస్తోని మేమే వెనక్కి పంపాం, మొదటిరోజే.
గడియారం గీయమంటే గుండ్రంగానే గీశాడు,
అంకెలన్నీ ఒక పక్కకే పోశాడు,
పడవలో జనమంతా ఒకే వైపు కూర్చున్నట్టు.
నివారణ అంటే రాకముందు మాట.
వచ్చినవాళ్లకి వేరే గది, వేరే ఫారం.

"ఒకే బల్ల దగ్గర కూర్చుని
నేనొక్కదాన్నే ఎలా మింగను?" అంది.

ఎర్ర సిరాతో రాయాలి. రాశాను.
రెండేళ్ల రక్తం, గొట్టాల మీద ఆమె సంఖ్య,
ఒక్క గీతకి లెక్కలోంచి పోయాయి.
రాసినందుకు సిగ్గుపడలేదు.
రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

వసంతంలో బీరువా తెరిచారు.
రెండు గుంపులకీ వెంట్రుకవాసి తేడా లేదు.
మందు తిన్నవాళ్లూ మరిచారు, పిండి తిన్నవాళ్లూ మరిచారు,
ఇద్దరిలోనూ కొందరు మరవలేదు.
డాక్టర్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.
ఇర్యాది పిండి.

ఆ మాట ఉత్తరంలో రాయబుద్ధి కాలేదు.
ఆగస్టులో వెళ్లాను. అడవి అంచున చెక్క ఇల్లు,
బయట బెంచీ మీద ఇద్దరూ పండ్లు బాగుచేస్తున్నారు.
వాలుగా పెట్టిన తడి పలక మీంచి వదిలితే
ఆకులు అంటుకుని ఆగిపోతాయి,
నీలిపండ్లు దొర్లి బకెట్లో పడతాయి.
తాయిస్తో నా పేరు మూడుసార్లు అడిగాడు.
చేతులు మాత్రం ఎవరినీ ఏమీ అడగడం లేదు.

చెప్పాను.
ఇర్యా ఒక ఆకు ఏరి పారేసింది.
"పోన్లే. పిండైనా సగం సగమేగా."

కాసేపటికి తాయిస్తో తల తిప్పాడు:
"మనం తిన్నామా?"
"నాలుక చూపించు."
గడ్డం పైకెత్తి, పిల్లాడిలా చాపాడు.
చెంచా బోర్లించి అతని ముఖానికి పట్టింది.
వంకర ముఖం, మధ్యలో నీలం.
"తిన్నాను" అన్నాడు, సాక్షి దొరికినవాడిలా.

తర్వాత నా వైపు చూశాడు.
"నువ్వు?"
నాలుక చాపాను.
శ్రద్ధగా పరిశీలించి, తల అడ్డంగా ఊపి,
గిన్నె నా ముందుకి జరిపాడు.