ఇరవై ఎనిమిది, పక్కన ఒక మాట

మా అఖాతం పేరులోనే వేడి ఉంది:
థెర్మాయికోస్.
ఎప్పటివో వేడినీటి బుగ్గల మూలంగా వచ్చిందంటారు.
జనవరి చీకట్లో తాళ్ళు లాగుతూ
వేళ్ళు కొంకర్లు పోతుంటే
ఆ పేరు పెట్టినవాణ్ణి తిట్టుకునేవాళ్ళం.

ఇప్పుడెవరూ తిట్టడం లేదు.

వర్దారిస్ గాలి ఆగిపోయి ఇది పదకొండో రోజు.
ఒలింపస్ కొండ ఆవిరి వెనక ఎక్కడో ఉంది.
పాస్కాలిస్ ఇంజను ఆపి, నీళ్ళలో చెయ్యి పెట్టి
చటుక్కున తీసి లాగుకి తుడుచుకున్నాడు,
ఎవరి ఒంటికో పొరపాటున తగిలినట్టు.
"వదినా, పసిబిడ్డకి స్నానం చేయించొచ్చు."
నవ్వాలనుకున్నాం ఇద్దరం.

మొదటి తాడు పైకొచ్చింది
రావలసిన బరువు లేకుండా.
మా పనిలో ముందు తెలిసేది బరువే,
వాసన తర్వాత.
మూడు మీటర్ల ఆల్చిప్పలు,
నల్లగా, గుత్తులు గుత్తులుగా,
అన్నీ నోళ్ళు తెరుచుకుని.
బతికున్నదైతే వేలితో తట్టగానే ఠక్కున మూసుకుంటుంది.
తట్టాను.
రెండో తాడు, ఏడోది, చివరి వరస
తడుతూనే ఉన్నాను,
తాళం వేయని ఇంటి ముందు నిలబడి
పేరుపెట్టి పిలుస్తున్న పొరుగుదానిలా.

వంటింట్లో మా అత్త నేర్పిన పాఠం వేరు:
ఆవిరికి తెరుచుకున్నది తిను,
తెరుచుకోనిది పారెయ్.
ఆ లెక్కన
సముద్రం వంట ముగించింది.
వడ్డించడానికే వీల్లేదు.

సాయంత్రం మిర్తో వచ్చింది, తెస్సలొనీకి నుంచి,
చెంపమీద ఎండిన ఉప్పు, తీగ చివర కొలిచే యంత్రం.
పైన ముప్ఫై.
అయిదు మీటర్ల కింద ముప్ఫైకి కాస్త తక్కువ.
"కిందికి దిగి దాక్కునే చోటు కూడా లేదు వాటికి."
చోటున్నా ఎలా దిగుతాయి,
తాళ్ళకి కట్టింది మేమే కదా.

ముప్ఫై ఏళ్ళ లెక్కలు తీస్తారట, ఏ తేదీకి ఆ తేదీ.
పదింట తొమ్మిది రోజుల్ని మించిన వేడి
అయిదు రోజులు కదలకుండా కూర్చుంటే
అది సముద్రానికి వడగాలి.
గాలే లేని వడగాలి, అన్నాను.
తలూపింది.
"ఆ ముప్ఫై ఏళ్ళూ ఏవమ్మా?"
మిర్తో కాసేపు తీగ చుట్టుకుంది.
"అక్కడే గొడవ. పాతవి తీసుకుంటే
మీ వేసవంతా వడగాలే.
కొత్తవి తీసుకుంటే ఇది
కాస్త వెచ్చగా గడిచిన వారం."

రాత్రి మామగారి పుస్తకం బయటికి తీశాను.
త్రాసివులోస్. పొద్దున్నే
సీసాకి కట్టిన థర్మామీటరు దించి
పెన్సిలుతో ఒక్క అంకె.
నా పెళ్ళి రోజున పందొమ్మిది, అంతే.
తమ్ముడు మునిగిపోయిన రోజున పదమూడు, అంతే.
మాట రాసే మనిషి కాడు.
ఒక్కచోట రాశాడు,
ఎనభై ఎనిమిది ఆగస్టులో, కాగితం చిరిగేంత నొక్కి:
ఇరవై ఎనిమిది. నరకం.

కింద ఖాళీ గీతమీద ముప్ఫై అని వేశాను.
పక్కన మాట కోసం చాలాసేపు చూశాను.
ఉన్న పెద్ద మాట ఆయనే ఖర్చుపెట్టేశాడు.

తర్వాత తొమ్మిది రోజులు చిప్పలు గుట్టపోశాం.
ఈగలు. నీటికాకులు కూడా వాటి దగ్గరికి రాలేదు.
వచ్చే ఏడు విత్తనం ఎక్కణ్ణుంచి తేవాలని
పాస్కాలిస్ ఎవరికో ఫోను చేస్తుంటాడు,
అవతల ఎత్తరు.
పదో రోజు తెల్లారకముందే గాలి తిరిగింది.
పడకలోనే తెలిసింది నాకు, కిటికీ రెక్క కొట్టుకుంటుంటే.
చెప్పులైనా లేకుండా రేవుకి పరిగెత్తి
థర్మామీటరు దించి, లాగి, దీపం దగ్గర పెట్టుకుని చూశాను.

ఇరవై ఎనిమిది.

నా నోటివెంట హమ్మయ్య అని వచ్చింది,
గట్టిగా, పక్క పడవలో నిద్రపోతున్నవాడు లేచేంత.
పుస్తకంలో అంకె వేశాను.
ఆ మాట మాత్రం రాయలేదు.