ఇనుప రజను

అజ్మాన్ సనయ్యాల ఆదివారం షట్టర్లు లేవవు.
మా హాల్ల మాత్రం పొద్దుగాలనే
ఆరు కాలేజీల రంగు పుస్తకాలు చాప మీద పరిచి
నడుమ కూసుంది శ్రీనిజ,
విప్పిన మోటారు ముక్కలను
ఏది ఏడిదో మర్చిపోకుండ పేర్చుకున్నట్టు.

వాళ్లమ్మ ఫీజుల కాగితం రాసింది.
ఒక వరుస దిర్హాములు, ఒక వరుస రూపాయలు.
మూడో వరుసకు పేరు పెట్టలే.
అండ్ల గాజులు తులాల్ల, మెట్‌పల్లి జాగ గజాల్ల,
నా గ్రాట్యుటీ ఏండ్లల్ల ఉన్నయి.
అన్నీ కలిపి ఎట్ల కూడాల్నో ఆమెకూ తెల్వదు.

ఇరవై రెండేండ్ల సంది నేను చిల్లర్ల మనిషిని.
కంప్రెసర్ కడుపుకు స్క్రూడ్రైవర్ మొన ఆనిచ్చి
పిడి చెవుల వెట్టుకుంటే
బేరింగ్ ఎన్ని దినాలుంటదో చెప్త.
కాలేజీకి ఏడ ఆనియ్యాల్నో తెల్వదు.
నా ఐటీఐ నేను ఎంచుకోలే.
జగిత్యాల బస్సు ముందుగాల అచ్చింది, ఎక్కిన.
కోరుట్ల బస్సు అచ్చుంటె
ఎలక్ట్రిషన్ అయ్యేటోన్ని.

"ఆడపిల్లవి, మెకానికల్ ఏంటమ్మా? కంప్యూటర్స్ తీసుకో"
అన్నడు పై అంతస్తు కామేశ్వరరావు.
"మీ ఏసీ ఆగితె ఎవల్ని పిలుస్తరు అంకుల్?"
ఆయన నా దిక్కు చూసిండు.
నేను గోడ దిక్కు చూసిన.

మొదటిది దుబాయ్‌ల, అద్దాల మేడ.
మెత్తటి సోఫాల కూసోవెట్టి కాఫీ ఇచ్చిన్రు,
పేపర్ కప్పు మీద గుడ వాళ్ల ర్యాంకే.
"వర్క్‌షాప్ చూస్త" అంటె
తాళంచెవి దొరికేవరకు ఇరవై నిమిషాలు.
లేత్ చక్కు మీద ప్లాస్టిక్ కవరింకా ఊడలే.
బిడ్డ వేలితోటి దాని వీపు రాసి
ఆ వేలు నాకు చూపెట్టింది, తెల్లగుంది.
"దీనికి ఇంకా ఆకలి తెల్వదు నాన్నా."

వరంగల్ దిక్కుది ఫోన్ల చూసినం.
లహరి అని సీనియర్ పిల్ల, నడుసుకుంట చూపెట్టింది.
"అరవై మందిమి, లేత్‌లు నాలుగు,
నా వంతు అచ్చేవరకు బెల్లు కొడ్తరు."
మళ్ల ఎందుకో ఆగి, కెమెరా తిప్పి
"పోత మాత్రం మేమే పోస్తం" అన్నది.
ఇసుక అచ్చుల ఎర్రగ కరిగిన లోహం.
ఆ పిల్ల మొకం కనవడలే, గొంతు మారింది.
నెట్ ఆడనే ఆగింది.

రస్ అల్ ఖైమాలది చిన్నది.
ఎనుక రాళ్ల గుట్టలు, ముంగట దుమ్ము,
బోర్డు మీద రెండక్షరాలు రాత్రి వెలగవట,
వాచ్‌మన్ చెప్పి నవ్విండు.
వర్క్‌షాప్‌ల సూడాన్ ముసలాయన
ఏం అడగకుంట
ఇనుప బిళ్ల, ఆకురాయి చేతికిచ్చిండు.
"సాపు చెయ్యి."
అర్ధగంట రాకింది. స్కూలు బూట్ల మీద రజను.
ఆయన బిళ్ల మీద మూలమట్టం నిలవెట్టి
కిటికీకి పట్టి చూపించిండు.
సందుల నుంచి సన్నగ వెలుతురు.
"కారుతుంది" అన్నడు, నల్లా గురించి చెప్పినట్టు.
బిళ్ల తననే ఉంచుకొమ్మన్నడు.

ఆడి డిగ్రీ మన దేశంల చెల్లుతదా?
ఆఫీసామె "మెయిల్ పెట్టండి" అన్నది.
పెట్టినం. పదకొండు రోజులాయె.

గురువారం ఆఖరు తారీఖు.
అన్నం తిన్నంక వాళ్లమ్మ అడిగింది,
"ఏది మరి?"
బిడ్డ జవాబియ్యలే.
బిళ్లను ట్యూబ్‌లైట్‌కు పట్టి
స్టీలు స్కేలు ఆనిచ్చి
ఒక కన్ను మూసింది.
"ఇంకా కారుతుంది నాన్నా. నీ ఆకురాయి ఇయ్యి."
"ముతకదా, సన్నదా?"
జర ఆలోచించింది.
"ముతకదే. చాన ఉంది."

చాప మీద గరగర.
రంగు పుస్తకాల మీద, ఫీజుల కాగితం మీద
రజను పడ్తంది.
వాళ్లమ్మ ఊదబోయి ఆగి,
పెన్ను మూత తీసి,
మూడో వరుస కింద గీత గీసింది.