గాలి ఖర్చు

గాలి పుట్టేది మా ఊళ్లోనే అంటారు.
లియెపాయాలో గొడుగు పట్టుకుని నడిచేవాణ్ణి చూస్తే
కొత్తవాడని చెప్పేయొచ్చు.
అలాంటి ఊళ్లో నూట ఎనభై యూరోలు పోసి
గాలి కొట్టే యంత్రం కొన్నాను.
విజ్మా నవ్విన నవ్వుకి
గరాజు రేకుల మీది సముద్రపు పిట్ట లేచిపోయింది.

కారు తొంభైమూడు నాటి కూపే.
రెండే తలుపులు, నడుమ స్తంభం లేని కిటికీలు.
రీగాలో ఎవరో పళ్ల డాక్టరు దగ్గర
మంచి రోజులు చూసిందట.
నా దాకా వచ్చేసరికి
చక్రాల పైన తుప్పు బిస్కెట్టులా విరుగుతోంది.
డ్రైవరు సీటు మాత్రం
ఇప్పటికీ మనిషిని మర్యాదగా కూర్చోబెడుతుంది.

నేను ట్రామ్ డిపోలో ఫిట్టర్ని.
మా ఊరికున్నది ఒక్కటే లైను.
పోయిన దారినే వచ్చే, వచ్చిన దారినే పోయే బండ్లకి
పాతికేళ్లుగా బ్రేకులు బిగిస్తున్నాను.
ఈ వయసులో వేగం దేనికని అడిగితే
ఇంతకన్నా జవాబు లేదు.

గ్రోబిన్యా తుక్కు దుకాణంలో
ముక్కు పచ్చడైన టాక్సీ ఒకటి.
దాని ఇంజను పక్కన, బూడిద రంగులో,
రొట్టెముద్దంత సూపర్‌చార్జర్.
వేలితో తిప్పి చూశాను.
లోపల రెండు రోటర్లు
వెంట్రుక వాసి ఎడంతో, ఒకదాన్నొకటి తాకకుండా తిరిగాయి,
ఇరుకు వంటింట్లో
మాటల్లేని తోడికోడళ్లలా.
ఎగోన్స్ రెండు వందలన్నాడు.
వానలో నిలబడ్డాం. చాలాసేపు.
ఇరవై తగ్గింది.

విజ్మా ముప్ఫై ఏళ్లు రేవులో క్రేను నడిపింది.
లేతు ఆమెది, మాట ఆమెది.
ముందు పిల్లి తిండి డబ్బా అట్టతో నమూనా కోసింది.
కుదరలేదు. మళ్లీ కోసింది.
పిల్లికి రెండు వారాల తిండి బయట పోసి
మూడో అట్టని ఇనప పలక మీద పెట్టి గీసింది.
పుల్లీ నుంచి పుల్లీకి గాలపు దారం లాగి
ఒంటి కన్నుతో చూస్తూ అంది:
"గీత తప్పితే నేను ఊరుకుంటానేమో,
బెల్టు ఊరుకోదు."

బెల్టు పదకొండు యూరోలు.
మూతబడ్డ పాల డైరీ స్టీలు గొట్టం, ఊరికే.
బోల్టులు డిపోవి, అడక్కండి.
గాలి ఒత్తిడి చూసే ముల్లు కొనడానికి మనసొప్పక
విజ్మా వాళ్లమ్మ రక్తపోటు మిషను గడియారాన్ని
స్టీరింగు పక్కన టేపుతో అతికించాం.

మొదటిసారి కరోస్తా వైపు తీశాను.
బెల్టు కీచుమంది, తర్వాత సర్దుకుంది.
మూడు వేల చుట్లు దాటగానే
బానెట్ కింద ఆవాలు చిటపటలాడాయి.
"కాలు తియ్!" అంది విజ్మా.
తీశాను.
గాలి దండిగా వెళ్తోంది, పెట్రోలు చాలడం లేదు.
ఊపిరి ఊదితే సరిపోతుందా,
అన్నం ఎవరు పెడతారు?

పెద్ద ఇంజెక్టర్లు, సెకండ్ హ్యాండువి, నూట నలభై.
పంపు ఇంకో అరవై.
చారాణా కోడికి బారాణా మసాలా.
చలికాలం టైర్లు అమ్మేశాను.
అక్టోబరు నెల అది, నన్నేమీ అనకండి.

మంచు పడకముందు ఒక రాత్రి, దారి ఖాళీ.
నొక్కాను.
ముందు ఒక సన్నని ఈల,
ఆ తర్వాత వీపుని సీటులోకి తోసిన చెయ్యి.
పెద్ద చెయ్యేం కాదు,
రద్దీలో వెనకనించి "జరుగు బాబూ" అనే చెయ్యి.
రక్తపోటు ముల్లు వణుకుతూ
రెండు వందల నలభై దగ్గర నిలబడింది.
"మనిషికైతే అంబులెన్సు పిలవాలి," అంది విజ్మా.
అంటూనే తన సీటు బెల్టు ఇంకాస్త బిగించుకుని
"మళ్లీ," అంది.

గరాజుకొచ్చి బానెట్ ఎత్తాం.
వేడెక్కిన ఇనుము టిక్కు టిక్కుమంటోంది.
కింద సిమెంటు మీద ఒక నూనె చుక్క.
కొత్తదా, పాతదా
తేలక
ఇద్దరం టార్చి పట్టుకుని
మోకాళ్ల మీద వంగి చూస్తున్నాం.