గేటు రిజిస్టరులో ఖాళీ

జూన్ నెల. తోతాపురి ట్రాక్టర్లు
చిత్తూరు రోడ్డు పొడుగునా నిలబడి ఉండాయి.
గుజ్జు ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతేసే మిషను
మూడు దినాలుగా మూగది.
దాన్ని మాట్లాడించేదానికి
దక్షిణాఫ్రికా నుంచి వచ్చినాడు ఒక మనిషి.
గేటుకాడ నాదముని రిజిస్టరు తెరిచి
పేరు అడిగినాడు.

మ్జో. అంతవరకు బాగుంది.
ఆ మీదట బుగ్గ లోపల
ఎవరో ఎద్దును అదిలించినట్టు ఒక చప్పుడు.
చివర్న లో.
నాదముని పెన్ను ఎత్తి నా తట్టు చూసినాడు.
కువైట్‌లో ఏడేండ్లు ఉండొచ్చినదాన్ని గదా,
లోకంలో భాషలన్నీ నాకొచ్చునని వాళ్ల లెక్క.

నాకొచ్చింది ఒకటే.
అరబ్బీ గాదు, అది తిట్లవరకే.
వంటింట్లో నా పక్కన నిలబడి ఎర్రగడ్డలు తరిగిన
లుజ్విమిండా భాష, తగాలోగ్.

మిందా నేర్పిన మొదటి మాట నవ్వు.
ఙితి.
పలక మీద దిద్ది మళ్లీ ఎప్పుడూ వాడని ఙ,
అయివారు కూడా గబగబా దాటేసిన ఙ,
ఆ యమ్మ నోట్లో నవ్వుకు తలకాయ అదే.

ఈయన భాష ఖోసా.
ఖ అని రాస్తా ఉండా గానీ ఖ గాదు,
అక్కడా ఎద్దు చప్పుడే.
అన్నం కేరియరు పక్కన పెట్టి మూడు చప్పుళ్లు చూపించినాడు:
అయ్యో పాపమని మనం పంటి వెనక చప్పరించేది,
ఎద్దుల్ని తోలేది,
పిలకాయలు అంగిట్లో టొక్కుమనిపించేది.
మూడూ నాకు ముందే వచ్చు!
మనం జాలికీ గొడ్లకీ ఆటకీ పారేసిన వాటితో
వాళ్లు చెవికమ్మను పిలుస్తారు,
గుడ్డును పిలుస్తారు, శాంతిని పిలుస్తారు.
ఆయన పేరు నడుమ ఉండేది ఆ శాంతేనంట.

కాయలు ఏరతా తూకమేసి చూస్తా ఉన్నా.
ఉమ్‌న్తు అంటే ఆయనకు మనిషి.
కాయిన్ అంటే మిందాకు తిండి,
కుమాయిన్ అంటే తిన్నాది.
ఒకే ఉమ్.
ఈయన గడపలో నిలబెడతాడు,
ఆ యమ్మ నట్టింట్లో కూర్చోబెడుతుంది.

వాళ్ల పల్లెల్లో కోడలు
మామ పేరులోని అక్షరం కూడా నోటికి రానీదంట.
మా అవ్వ మాట చెప్పినా:
మొగుడి పేరు ఏడుమలై,
ఏడు లెక్కపెట్టాల్సొస్తే 'ఆరున్నొకటి' అనేది.
కండ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వినాడు.

అప్పుడే సూపర్‌వైజరు ధరణి కేకేసినాడు నా కోసం,
'అది యాడికి పోయింది?'
నాలుగు దినాల్లో ఈయన నేర్చిన తెలుగులో
అది అంటే మిషను.
మిషనునే చూపించినాడు.
అందరూ నవ్వినారు, నేను కూడా.
తర్వాత చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

ఆ యమ్మ సియా అంటుంది,
ఈయన యేనా అంటాడు,
ఆడగానీ మగగానీ అదొక్కటే మాట.
సముద్రాలు అడ్డం పడుకున్న రెండు భాషలు
ఈడొచ్చి కలిసినాయి.
నా భాషలో
ఆవు వచ్చింది, ట్రాక్టరు వచ్చింది,
నేనొస్తే 'అదీ వచ్చింది'.
ధరణి ఒక్కడే వచ్చినాడు.

మిషను తిరిగిన పొద్దు
గ్రీజు చేతులు తుడుచుకొని 'థినా' అన్నాడు.
మేము చేసినామనా? మనం చేసినామనా?
మిందా అయితే కామి అంటే మేము,
తాయో అంటే మనం, నా మాదిరే.
ఆయన భాషలో ఆ రెండిండ్ల నడుమ గోడ లేదు.
అడగబోయినా.
డబ్బాలు కదిలినాయి.

రిజిస్టరులో ఆ పేరు నేనే రాసిపెట్టినా:
మ్జో, కొంచెం ఖాళీ, లో.
పోయిన వారం నాదముని వేలు పెట్టి అడిగినాడు,
'ఈడ ఏముండాలమే?'
పలికి చూపించినా.
గేటుకాడ టెంకలు నాకతా ఉన్న ఎద్దొకటి
తలెత్తి నా తట్టు చూసింది.