నోరు మూసుకున్న అక్షరం

కిసుము ఆస్పత్రి. రాత్రి కరెంటు పోయింది.
డాక్టరు రాసిన నాలుగు పక్కన
యు అక్షరం నోరు మూసుకుంది.
టార్చి వెలుగులో నాకది సున్నా.

నలభై గీత దాకా లాగాను.
ముసలి ఒకుము చొక్కా పైకెత్తాడు,
సరస్సులో చేపలు తగ్గాయని గొణుగుతూ.

"సిస్టర్, నిన్న ఇంత లేదు కదా?"
నలియాక. ట్రైనీ. వచ్చి వారం కాలేదు.
కోపమొచ్చింది, నిజం చెప్పాలి.
పదహారేళ్ల సర్వీసు నాది.

సూది
చర్మానికి బెత్తెడు దూరంలో
ఆగింది.

తెల్లారాక రిజిస్టరులో
తప్పిన తప్పును రాశాను, నా పేరుతోనే.
యూనిట్లు అన్న మాట మొత్తం,
బడిపిల్లలా, ఒక్కో అక్షరం విడదీసి.

ఒకుము లేచి
టీలో చక్కెర అడుగుతున్నాడు.
ఇవాళ తిట్టలేకపోయాను.