పన్నెండు దగ్గర సైరన్

జీతాలివ్వని ఓనరు మీద కేసు తేలేదాకా
ఓడ ఔటర్ హార్బర్లో, యాకప్ ఒడ్డున.
పాత పోస్టాఫీసు వెనక మేడమీది గదిలో
కిటికీకి రెండు బొంతలు మేకులతో బిగించి
మైకు అతని గడ్డం కింద పెట్టాను.

పాపువా కొండల్లో వాళ్ళ ఊరు.
లోయ దాటితే మాట మారిపోతుందట.
లెక్క పెట్టమన్నాను.

చిటికెన వేలు పట్టుకున్నాడు. ఒకటి.
బొటనవేలు ఐదు, మణికట్టు ఆరు,
ముంజెయ్యి ఏడు, మోచెయ్యి ఎనిమిది,
భుజమెక్కి, మెడ దాటి,
చెవి ముట్టుకునేసరికి
పోర్టు సైరన్.

మళ్ళీ చెప్పాడు, కానీ మరోలా.
"ఇందాకటిది మా అమ్మది. ఇది మేనమామ ఊరిది."
రెండూ ఉంచాను.
వాళ్ళమ్మ పన్నెండు సైరన్ కిందే ఉండిపోయింది.

ముక్కు పద్నాలుగు. అక్కణ్ణించి
అవతలి కన్ను, అవతలి చెవి, దిగుడు.
ఇరవై ఏడుకి అవతలి చిటికెన వేలు.
ఒక మనిషి అయిపోయాడు.
ఇంకా లెక్కుంటే పక్కవాణ్ణి పిలుచుకోవాలి.

టీ తెచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.
ముప్పై ఏళ్ళు చేపల పాటకి లెక్క చూసిన మనిషి.
"మేం ఒకటి అనం బాబూ, లాభం అంటాం.
లాభం, రెండు, మూడు...
ఏడు మాత్రం బేగి అనేసి దాటిపోవాల.
ఏడుపు తగుల్తాది."
నేను అర్థం చెప్పాను.
అతను తన ముంజేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఫారంలో ఒక గడి మిగిలింది:
ఈ భాష మాట్లాడేవాళ్ళు ఎందరు?
నోటితో చెప్పలేదు.
చిటికెన వేలి నుంచి మెల్లగా పైకి పోయి
ముంజేతి మీద ఆగాడు.
తనని కలుపుకున్నాడో లేదో అనుమానమొచ్చి
మళ్ళీ మొదటినుంచి.
మళ్ళీ అక్కడే.
అమ్మ ఏమీ అనలేదు. గ్లాసు అందించింది.

కార్తీకంలో ఓడ వెళ్ళిపోయింది.
నేను ఫైళ్ళు శుభ్రం చేస్తున్నాను.
ఫ్యాను తీసేశాను, గూడ్సు బండి తీసేశాను,
కాకుల్ని చాలావరకు.
సైరన్ లాగితే చెవి కూడా ఊడొస్తోంది.
వదిలేశాను.
ఎప్పుడో ఆ లోయ పిల్ల ఎవరో
ఇది విని లెక్కలు నేర్చుకుంటూ
పన్నెండు దగ్గరికొచ్చి
విశాఖ పోర్టులా కూస్తుందేమో.

నిన్న అమ్మ కానాగంతలు తెచ్చింది.
ఎన్ని అనడిగితే
సంచీ కింద పెట్టకుండానే
మోచెయ్యి చూపించింది.