తల రుమాలు

రాయగడ ఆసుపత్రి వెనక రేకుల గది.
తెల్లారి దుప్పట్ల మూట విప్పుతాను:
పురుటి నెత్తురు, పసుప్పచ్చ మందు,
ఎవరిదో ఆఖరి చెమట.
ఒడియావాళ్లదా, మనవాళ్లదా, కొండ దిగొచ్చినవాళ్లదా,
మరక చెప్పదు.

సోడా నీళ్లకి వేళ్ల సందులు ఒరిసిపోయాయి.
చేతులు జోడిస్తే మంట.
అందుకే నా ప్రార్థనలు పొట్టివి.

మొన్న ఈస్టరు చీకటినే
నాగావళి ఒడ్డున పాస్టరుగారు
దొర్లిన రాయి గురించి అరగంట చెప్పారు.
నేను రాయి దాకా పోనేలేదు,
తల రుమాలు దగ్గరే ఆగిపోయాను.
వేరేగా, ఒక పక్కన, చుట్టిపెట్టి ఉందట.

చావుని గెలిచి లేచినాయన,
బయట అంత పని పెట్టుకుని,
కూర్చుని గుడ్డ సర్దాడు!

"సలోమీ, బేగి! మంచాలు ఖాళీగా ఉన్నాయి"
బిసోయి బాబు కేక.

వస్తున్నానయ్యా.
ఆరో నంబరు దుప్పటికి
ఎంత ఉతికినా పోని మచ్చ ఒకటుంది.
ఇస్త్రీ చేసి, అంచుకి అంచు కలిపి,
మచ్చని లోపలికి మడిచి
అరచేత్తో ఒకసారి అదుముతాను.

వెచ్చగా ఉంది,
ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు.